కుళందైసామి మామ ముందే చెప్పేశాడు

మా కుళందైసామి మామకు ఒకే ఒక్క జబ్బు. కథైనా కబురైనా ముందు ముగింపు చెప్పేస్తాడు. ఆ తరువాత తీరిగ్గా మొదటికొస్తాడు. విన్నవాళ్ళు మొహాలు వేలాడేస్తే, "ఇప్పుడు నిమ్మళంగా వినొచ్చు గదా" అని మనకేదో ఉపకారం చేసినట్టు చూస్తాడు.

ఫోను చేసి హలో అనడు. "అందరూ బాగుండారు పాపా. ఎవరికీ ఏమీ కాలే. ఇప్పుడు విను. మీ అత్త మేడమెట్ల మీద జారిపడింది" అంటాడు. అత్తకు నిజంగానే ఏమీ కాదు. కానీ కొన్నాళ్ళకు 'అందరూ బాగుండారు' అన్న మాట వినగానే మా అమ్మ ఆసుపత్రికి సంచీ సర్దడం మొదలుపెట్టింది. మామ అమ్మకు సొంత తమ్ముడు. "ఒరే, ఎవరూ బాగాలేరని చెప్పరా, కాస్త ధైర్యంగా ఉంటుంది" అని ఒకసారి ఫోనులోనే బతిమాలింది.

సింగానల్లూరులో మామకు పంపు మోటార్లకు వైండింగు చేసే పట్టరై, అంటే చిన్న వర్క్‌షాపు, ఉంది. రైతు ఎవరైనా కాలిపోయిన మోటారును ఆటోలో వేసుకొస్తే, మామ దాన్ని దించనివ్వకముందే "బతుకుతుంది" అంటాడు. ఆ తరువాత, "ఇప్పుడు చెప్పు, ఏమైంది?" అని బెంచీ మీద కూర్చుంటాడు. విప్పి చూడకుండా ఎలా చెప్పావని అడిగితే, "బతకకపోతే బతికించేది నేనే గదా. ముందే చెప్తే పోయేదేమి?" అని నవ్వుతాడు.

సినిమాల సంగతి ఇంకా ఘోరం. మొదటి ఆట చూసి బయటికొచ్చి, రెండో ఆటకు వరసలో నిలుచున్నవాళ్ళకు, "ఆ పోలీసాయన తమ్ముడే దొంగ. పోయి చూడండి, పడం బాగుండాది" అని చెప్పేవాడు. చివరికి ఆ హాలు మేనేజరు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆట వదలగానే మామను ఆఫీసుగదిలో కూర్చోబెట్టి, చేతికొక కలరు సీసా ఇచ్చి, జనమంతా లోపలికి పోయేదాకా కబుర్లాడేవాడు. మామ అదంతా మర్యాద అనుకున్నాడు.

మా పేట గ్రంథాలయంలో ఆయన కార్డు రద్దు చేశారు. నేర పరిశోధన నవలలన్నిటికీ మొదటి పేజీలో పెన్సిలుతో, "భయపడొద్దు. డాక్టరు బతుకుతాడు" అనో, "కుక్కకు ఏమీ కాదు" అనో రాసి పెట్టేవాడు. నా చెల్లెలు కార్తీక చదవడం నేర్చుకున్నది ఆ పుస్తకాల మీదే. పుస్తకం తెరవగానే కళ్ళు గట్టిగా మూసుకుని, మొదటి పేజీ అంతా రబ్బరుతో తుడిచేసి, ఆ తరువాతే కళ్ళు తెరిచేది.

ఒకసారి మా నాయనకు గుండె ఆపరేషను జరిగింది. మేమందరం వరండా చివర నిలుచుని ఉంటే, డాక్టరుతో మాట్లాడిన మామ అవతలి చివరనుంచే "బతికినాడు" అని అరిచాడు. నర్సు తిట్టింది. అక్కడే వేరే ఎవరికోసమో కాచుకున్న కుటుంబమొకటి అది తమకే అనుకుని ఒకరినొకరు కావలించుకుని ఏడ్చింది. దేవుడి దయవల్ల వాళ్ళ మనిషి కూడా బతికాడు. మామ మాత్రం, "చూడు, నేను చెప్పినా గదా" అన్నాడు.

ఇలాంటి మామను పెట్టుకుని మా కార్తీక తన పెళ్ళిని నేర పరిశోధన నవలలా చేసుకోవాలనుకుంది.

దానికొక కారణముంది. కార్తీక తుడియలూరులో పంపులు చేసే కంపెనీలో డిజైన్లు గీస్తుంది. ఒకరోజు టౌను బస్సులో కూర్చుని, బస్టాండు అంగళ్ళలో క్లిప్పులకు వేలాడదీసి అమ్మే అరవ క్రైమ్ నవల ఒకటి చదువుతోంది. పక్కన నిలుచున్న అబ్బాయి చేతిలో కూడా అదే నవల. అతను సగంలో ఉన్నాడు, కార్తీక చివరికొచ్చింది. అతను గొంతు సవరించుకుని, "ఏమండి, మీ పేజీ నాకు కనిపిస్తాండాది. కొంచెం మడిచి పట్టుకుంటారా? దొంగ ఎవరో నాకు తెలియకూడదు" అన్నాడు. మా మామ ముగింపుల మధ్య పెరిగిన పిల్లకు ఆ మాట ఎలా వినిపించిందో మీరే ఊహించుకోండి. ఇంటికొచ్చి, "అక్కా, ముగింపు వద్దనే మనిషి ఒకడు దొరికినాడు" అంది.

ఆ అబ్బాయి పేరు గోకులకృష్ణన్. పొల్లాచ్చిలో కొబ్బరి తోపులున్న కుటుంబం. మాలాగే తరాల కిందట అరవదేశంలో స్థిరపడ్డవాళ్ళు, ఇంట్లో తెలుగే. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఇంటి పెత్తనమంతా నాయనమ్మ పొన్నమ్మాళ్‌ది. ఆవిడ దగ్గితే తోపులో కాయ రాలుతుందని అక్కడివాళ్ళు అనుకుంటారు. గోకుల్ తల్లి భువనేశ్వరి మాత్రం ఉన్నదో లేదో తెలియనంత మెత్తటి మనిషి. వచ్చినవాళ్ళకు కాపీ ఇచ్చి తలుపు పక్కన నిలబడుతుంది.

పొన్నమ్మాళ్ అవ్వ పెళ్ళికి ఒప్పుకుంటూ ఒకే మాట చెప్పింది. "మీ నవలలు గివలలు ఏమైనా చేసుకోండి. రిసెప్షను నాడు మాత్రం మా ఇంటి కాసులపేరు పెళ్ళికూతురు మెడలో ఉండాల. అది మా అత్త నాకు ఇచ్చింది."

కార్తీక కళ్ళు మెరిశాయి. నాకు ఆ మెరుపు తెలుసు. అది అవ్వ మీద గౌరవం కాదు. నవలకు వస్తువు దొరికిందన్న సంతోషం.

పెళ్ళిపత్రిక నవల ఆకారంలో అచ్చయింది. అట్ట మీద ఎర్రటి చీర కట్టుకున్న నీడ, చేతిలో కత్తికి బదులు అరటిపండు. పేరు 'మూడో ముడికి ముందు'. అవ్వ కోరిందని లోపల ఒక వాక్యం తెలుగు అక్షరాల్లో వేయించారు. మాలో ఎవరం తెలుగు బళ్ళో చదివినవాళ్ళం కాదు కాబట్టి అందులో ఏముందో రెండు కుటుంబాల్లోనూ ఎవరికీ తెలియదు. అందరూ అందంగా ఉందన్నారు. మామ పత్రిక అందుకుని నేరుగా చివరి పేజీ తిప్పాడు. అక్కడ మండపం చిరునామా మాత్రమే ఉంది.

"ముగింపు ఏది?" అన్నాడు.

"అది రిసెప్షనులో తెలుస్తుంది మామా. ఆట ఉండాది. కాచుకోండి" అంది కార్తీక.

మామ మొహం నీళ్ళు లేకుండా తిరిగిన మోటారులా అయిపోయింది.

ఆట మొత్తం, ముగింపుతో సహా, ముగ్గురికే తెలుసు. కార్తీకకు, గోకుల్‌కు, నాకు. రిసెప్షను మధ్యలో కాసులపేరు మాయమవుతుంది. గోకుల్ స్నేహితుడు శరవణకుమార్ నల్లకోటు వేసుకుని పరిశోధకుడుగా వస్తాడు. అనుమానితుల పేర్లు చదువుతాడు. భోజనాల్లో ఒక్కొక్క వడ్డనతో ఒక్కొక్క ఆనవాలు వస్తుంది. చివరికి పెళ్ళికొడుకు అవ్వ కాళ్ళకు మొక్కడానికి తలపాగా తీస్తే, అందులోంచి కాసులపేరు జారుతుంది. దొంగ పెళ్ళికొడుకే. ఇదీ కథ. నా పని ఒక్కటే, మామకు కాపలా కాయడం.

అది ఎంత కష్టమైన పనో చెప్పలేను. మామ రోజూ ఫోను చేశాడు. "అందరూ బాగుండారు. దొంగ ఎవరు?" అనేవాడు. మా అమ్మకు మైసూరుపాకు పంపించి, "నీకు చెప్పి ఉంటారే అక్కా" అన్నాడు. గోకుల్ స్కూటరును ఊరికే సర్వీసు చేయించి ఇచ్చాడు. ఏదీ పారలేదు. చివరికి, "తాయ్ మామను నేను. నేను సీరు తట్టల్లో సారె పట్టుకుని రాకపోతే కల్యాణమే లేదు. నాకే చెప్పరా?" అని అలిగి కూర్చున్నాడు. మేనమామ అలిగితే మా పక్క పెళ్ళి ఆగినట్టే. అమ్మ నా వంక చూసింది. నేను పైకప్పు వంక చూశాను.

అంతలో నిశ్చయతాంబూలానికి అందరం పొల్లాచ్చి వెళ్ళాం. భోజనాలయ్యాక చూస్తే మామ కనిపించలేదు. వెతుక్కుంటూ పోతే, ఇంటి వెనక కొబ్బరిచిప్పలు ఎండబెట్టిన కళ్ళం దగ్గర భువనేశ్వరమ్మతో మాట్లాడుతున్నాడు. తల్లికి కొడుకు చెప్పి ఉంటాడని మామ పట్టేశాడు, ఆవిడ మెత్తటి మనిషి, కక్కేస్తుంది అనుకున్నాను. నన్ను చూసి ఇద్దరూ మాట ఆపేశారు.

తిరుగు ప్రయాణంలో మామ ఒక్క మాట మాట్లాడలేదు. మా కుటుంబ చరిత్రలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. కిణత్తుకడవు దాటాక అమ్మ భయపడి, "ఒళ్ళు కాలుతోందేమో చూడు" అంది.

పెళ్ళి దగ్గర పడ్డాక మామ పట్టరై నుంచి నేరుగా మా ఇంటికొచ్చాడు. చేతులకు వార్నిష్ వాసన.

"మాలినీ, ఒక్కటి చెప్పు. ఆటలో పోయే వస్తువు ఏమి?"

దొంగ ఎవరని అడగలేదు కదా అని, "కాసులపేరు" అనేశాను.

మామ కుర్చీ అంచుకు జరిగాడు. "ఆ కాసులపేరేనా? వేరేది పెట్టకూడదా? పెళ్ళికొడుకు చెప్పు పోయిందని పెట్టండి. ఇంకా నవ్వొస్తుంది."

"అంతా రాసేసినారు మామా. ఇప్పుడు మార్చడానికి లేదు."

"సరి. అట్లైతే దొంగ ఎవరో నాకు తెలియాల."

"మామా, మీరు మళ్ళా మొదటికొచ్చినారు."

"లేదు పాపా. ఈసారి నాకోసం కాదు" అన్నాడు. నేను నమ్మలేదు. ఎవరు నమ్ముతారు? పక్కగదిలో కార్తీకతో ఆట సరిచూసుకుంటున్న గోకుల్ బయటికొచ్చాడు, వెనకే కార్తీక. అతనిది జాలిగుండె, ఇంత పెద్ద మనిషి బతిమాలుతుంటే ఆగలేకపోయాడు. మామ చెవిలో, "దొంగ నేనే మామా. తలపాగాలో పెట్టుకుంటా" అని చెప్పేశాడు. కార్తీక గోకుల్‌ను చూసిన చూపుకు పెళ్ళి అక్కడే ఆగిపోతుందేమో అనిపించింది.

"మరుదమలై మురుగన్ మీద ఒట్టు వేయండి. ఎవరికీ చెప్పకూడదు" అంది కార్తీక.

"అవసరం లేకుండా చెప్పను" అన్నాడు మామ.

"అవసరం ఏమి మామా? చెప్పను అనండి."

మామ ఒట్టు వేశాడు గానీ, ఆ 'అవసరం' అన్న మాటను మింగీ మింగనట్టే వేశాడు.

ముహూర్తం పొద్దున. మా పక్క ఆచారం ప్రకారం రిసెప్షను దానికి ముందు రోజు సాయంత్రమే. మండపం నిండిపోయింది. కార్తీక మెడలో కాసులపేరు కదిలినప్పుడల్లా మెరుస్తోంది. ముందు వరసలో పొన్నమ్మాళ్ అవ్వ పట్టుచీరలో నిటారుగా కూర్చుంది. పక్కనే కుర్చీ అంచున భువనేశ్వరమ్మ. వాళ్ళ వెనక వరసలో మామ, మామ పక్కన నేను. నా ఒళ్ళో మైసూరుపాకు డబ్బా. నా పథకం సులభం. మామ నోరు తెరిస్తే అందులో ఒక ముక్క పెట్టాలి. నోరు నిండుగా ఉన్న మనిషి కథ చెప్పలేడు కదా.

దీపాలు ఒక్కసారి ఆరిపోయాయి. జనం హో అన్నారు. మళ్ళీ వెలిగేసరికి కార్తీక మెడలో కాసులపేరు లేదు.

"నా మాల" అంది కార్తీక. బాగా నటించింది.

శరవణకుమార్ నల్లకోటులో వేదికెక్కాడు. "ఎవరూ కదలకూడదు. తలుపులు మూయండి. కాసులపేరు ఈ మండపంలోనే ఉండాది. దొంగ కూడా ఇక్కడే ఉండాడు."

జనం ఉత్సాహంగా ఒకరినొకరు చూసుకున్నారు. మామ నోరు తెరిచాడు. నేను మైసూరుపాకు పెట్టాను.

"అనుమానం వంటాయన మీద. పాయసం గుండిగ లోతెంతో ఎవరు చూసినారు?" వంటాయన గరిటె ఊపాడు, నవ్వులు. "ఫొటోగ్రాఫరు మీద. మాలకు దగ్గరగా పోయింది ఆయనే." నవ్వులు. "తాయ్ మామ కుళందైసామి మీద. ఈయనకు కథ ముందే తెలిసినట్టుండాది." మండపమంతా గొల్లుమంది. మామ మాత్రం నవ్వలేదు. ఆయన కళ్ళు ముందు వరస మీదే ఉన్నాయి.

"చివరిగా, పెళ్ళికొడుకు అమ్మ. ఈ పొద్దు ఆ మాలను పెట్టెలోంచి తీసి ఇచ్చింది ఎవరు? ఆమే. అమ్మా, మీ సంచీ కొంచెం చూపిస్తారా?"

భువనేశ్వరమ్మ లేచి నిలబడింది. ఒళ్ళోని చేతిసంచీ తెరిచింది. లోపలున్నవి ఒక్కొక్కటిగా తీసి కుర్చీ మీద పెట్టడం మొదలుపెట్టింది. దువ్వెన. రుమాలు. మాత్రల పట్టీ. విభూతి పొట్లం. జనం చప్పట్లు కొట్టారు. "అమ్మ ఏమి నటిస్తుందప్పా" అన్నారు ఎవరో. వేదిక మీద గోకుల్ కూడా నవ్వుతున్నాడు. ఆవిడ సంచీని తలకిందులు చేసి దులిపింది. ఆ చేతులు చూశాను. అవి నటిస్తున్న చేతులు కావు.

నా పక్క కుర్చీ ఖాళీ. మామ ఎప్పుడు లేచాడో తెలియదు. బుగ్గ నిండా మైసూరుపాకుతో వేదిక మెట్లెక్కి, శరవణకుమార్ చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"దొంగ పెళ్ళికొడుకు" అన్నాడు. పొడి రాలింది. "ఆమెకు ఏమీ తెలియదు. మాల అతని తలపాగాలో ఉండాది. ఇది ఆట. అందరూ వినండి, ఆమెకు ఏమీ తెలియదు."

చెప్పడమే కాదు, గోకుల్ తలమీంచి తలపాగా ఎత్తేశాడు. కాసులపేరు జారి గోకుల్ భుజం మీద పడింది.

గాలి తీసిన టైరులా, వెనక వరసల్లోంచి పెద్ద నిట్టూర్పు. "ఆయన ముందే చెప్పేసినాడప్పా" అని ఎవరో అన్నారు. శరవణకుమార్ కోటు జేబులోంచి మిగతా ఆనవాళ్ళ కాగితాలు తీసి దిక్కుతోచక చూశాడు.

కార్తీక వేదిక దిగి పెళ్ళికూతురి గదిలోకి పోయింది. నేను మామ చెయ్యి పట్టుకుని అక్కడికే లాక్కెళ్ళాను. నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి.

"ఒక్క పొద్దు మామా" అంది కార్తీక. కాటుక చెదిరింది. "నా జీవితంలో ఒక్క కథ. దాన్ని కూడా చివరిదాకా పోనియ్యలేరా?"

మామ పంచె అంచుతో నోరు తుడుచుకున్నాడు. "తప్పే పాపా. నోరు ఆగలే."

"ఒట్టు వేసినారు గదా."

"వేసినా. అలవాటు. ఏమి చేసేది?"

"మీరు రేపు పొద్దున్న నా పక్కన నిలబడవద్దు."

ఆ మాటకు నేనే ఉలిక్కిపడ్డాను. మేనమామ పక్కన లేకుండా మాలో పెళ్ళికూతురు పీటల దగ్గరికి రాదు. మామ పంచె సర్దుకున్నాడు. తల ఊపి, "సరి కన్నూ. నీ ఇష్టం" అన్నాడు. నవ్వబోయాడు గానీ సరిగ్గా కుదరలేదు. బయటికి నడిచాడు.

తలుపు దగ్గర భువనేశ్వరమ్మ ఎదురైంది. "ఎక్కడికి అన్నా? లోపలికి రండి" అంది. అంత గట్టిగా ఆవిడ మాట్లాడడం నేను అప్పుడే విన్నాను.

"వద్దు చెల్లెమ్మా. ఇదేమీ లేదు."

"ఉండాది. మీరు చెప్పరు, నేను చెప్తా." ఆవిడ కార్తీక దగ్గరికొచ్చి పక్కన కూర్చుంది. "నేను ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఒక సీమంతం జరిగింది. ఇల్లంతా జనం. అప్పుడు ఈ కాసులపేరు కనపడలే. దాన్ని చివరిగా ముట్టుకునింది నేను. మావాళ్ళు లేనివాళ్ళు. నన్ను ఎవరూ దొంగ అనలే. 'నీ పెట్టె కొంచెం తెరిచి చూపించు' అన్నారు, అంతే. అందరి ముందరా తెరిచినా."

కార్తీక ఆవిడ వైపు తిరిగింది. "తరవాత, అత్తా?"

"బియ్యం డ్రమ్ములో దొరికింది. మా అత్తే దాచి మరిచిపోయింది. దొరికింది, దొరికింది అని అందరూ సంతోషపడి భోజనాలకు కూర్చున్నారు. నేను పెట్టె సర్దుకున్నా." ఆవిడ మామ వైపు చూసింది. "నిశ్చయం నాడు ఈ అన్న కళ్ళానికి వచ్చి, 'ఈ ఇంట్లో నీ కథ ఏమి చెల్లెమ్మా, చివరనుంచి చెప్పు' అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నా కొడుక్కు కూడా చెప్పంది చెప్పేసినా. 'మరి ముగింపు?' అన్నాడు. 'దీనికి ముగింపు లేదన్నా' అన్నా. మళ్ళా ఎవరితోనూ అనలే ఈయన. ఈ పొద్దు కూడా, మీరు ఇంత తిడుతుంటే కూడా."

పెళ్ళికొడుకు చెప్పు పోయిందని పెట్టమన్నది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. 'నాకోసం కాదు' అన్న మాట కూడా. మామ గోడకున్న క్యాలెండరును శ్రద్ధగా చూస్తున్నాడు. అది పోయిన ఏడాదిది.

"ముందే చెప్పి ఉండొచ్చు గదా మామా. ఆట మార్చేసి ఉంటాం" అన్నాను.

"అది ఆమె కథ. నేనెట్ల చెప్పేది?" అన్నాడు. "ముగింపులైతే చెప్తా గానీ."

కార్తీక లేచి మామ దగ్గరికి పోయింది. ఏమనాలో తెలియక, ఆయన చొక్కా మీది మైసూరుపాకు పొడి దులిపింది. దులుపుతూనే ఉంది.

"అయిందా?" అని ఒక గొంతు. పొన్నమ్మాళ్ అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కాసులపేరు. ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు. భువనేశ్వరమ్మ లేచి, అలవాటుగా తలుపు పక్కకు జరిగింది.

అవ్వ కోడలి వైపు చూడలేదు. చేతిలోని కాసులనే చూసింది. "ఆ పొద్దు డ్రమ్ములో చెయ్యి పెట్టింది నేనే. చేతికి తగలగానే నాకు మొదట వచ్చింది సిగ్గు. సిగ్గు పడినా గనక ఎవరితోనూ మాట్లాడలే. అట్లనే ఇన్నేళ్ళు పోయింది." కాసులపేరును రెండో చేతిలోకి మార్చుకుంది. "ఈ పొద్దు నువ్వు సంచీ దులుపుతుంటే నాకు కళ్ళు మూసుకోవాలని ఉండింది. మూసుకోలే."

"పోనీలే అత్తా."

"పోలే గదా. ఇక్కడే ఉండాది" అంది అవ్వ విసుగ్గా. ఆ విసుగు తన మీద తనకే అని మాకు తెలుసు. "రా."

కోడలి మణికట్టు పట్టుకుని వేదిక మీదికి తీసుకుపోయింది. మేమందరం వెనకే. అవ్వ మైకు అందుకుంది. మైకు కీచుమంటే దాని వంక ఒక చూపు చూసింది, అది ఆగిపోయింది.

"మా ఇంట్లో ముందు కూడా ఒకసారి ఈ మాల పోయింది. అప్పుడు నా కోడలి పెట్టె తెరిపించినాం. ఆమె తీయలే. నా మరుపు తీసింది. అప్పుడు చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్తుండా." కాసులపేరు భువనేశ్వరమ్మ మెడలో వేసి, కొక్కెం తనే పెట్టింది. కొక్కెం మొదట దొరకలేదు. కొక్కెం పడ్డాక జనంవైపు తిరిగి, "ఇంక ఆట నడవనీ. భోజనం చల్లారిపోతాండాది" అంది.

గోకుల్ తల్లినే చూస్తూ నిలబడ్డాడు. తరువాత ముక్కు తుడుచుకుని మైకు తీసుకున్నాడు. "దొంగ ఎవరో మామ చెప్పేసినాడు. కానీ ఎందుకు దొంగిలించినానో చెప్పలే. ఎందుకంటే అది ఆయనకు తెలియదు. అందరూ కనిపెట్టండి. తీర్పు మా అవ్వది."

అక్కడినుంచి మండపం వేరే మండపం అయిపోయింది. సాంబారు వడ్డిస్తున్నప్పుడు ఒకాయన, "కొబ్బరి ధర పడిపోయింది గనక" అన్నాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది. ఫొటోగ్రాఫరు, "మాల మెరుపుకు నా ఫొటోలన్నీ తెల్లగా వస్తాండాయని" అన్నాడు. వంటాయన, తన పాయసం గుండిగ లోతు చూసుకోవడానికే అన్నాడు. ప్రతి ఆకు ముందరా ఒక కారణం పుట్టింది. తలుపు పక్కన నిలబడే భువనేశ్వరమ్మ నడిమధ్య కూర్చుని కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది.

ఆ సంతోషంలో బాధపడ్డది మా మామ ఒక్కడే. ఈ కథకు ముగింపు ఎవరిదగ్గరా లేదు. గోకుల్ చెవి దగ్గరికి పోయి, "మాపిళ్ళై, నాకు మాత్రం చెప్పు" అన్నాడు.

"ఒట్టు మామా, నాకే తెలియదు."

అవ్వ దగ్గరికి పోయాడు. "కూర్చో" అంది అవ్వ. కూర్చున్నాడు. పాయసం వచ్చింది, తాగలేదు. తాంబూలం వచ్చింది, నమలలేదు. చెమట తుడుచుకుంటూ, జీవితంలో మొదటిసారి ఒక కథ చివరకోసం కాచుకున్నాడు. చివరికి వెనక పంక్తిలోంచి పొల్లాచ్చి పెద్దాయన ఒకరు లేచి, "పొద్దున తాళి కట్టేదాకా పిల్ల పారిపోకుండా తనఖా పెట్టుకున్నాడు" అన్నాడు. అవ్వ నవ్వింది. ఆవిడ నవ్వడం చూడడానికే జనం లేచి నిలబడ్డారు.

"ఎట్లుండాది మామా, చివరిదాకా కాచుకోవడం?" అని అడిగాను.

"గుండె కొట్టుకునింది" అన్నాడు మామ. తాంబూలం నోట్లో వేసుకుని, "అంత చెడ్డగా లే" అన్నాడు.

పొద్దున కార్తీక మామ చెయ్యి పట్టుకునే పీటల దగ్గరికి వచ్చింది. దారిలో ఆయన దాని చెవిలో ఏదో అన్నాడు, అది పకపకా నవ్వింది. ఏమన్నాడని తరువాత అడిగాను. "'మీరిద్దరూ బాగుంటారు. ఇప్పుడు పోయి పెళ్ళి చేసుకో' అన్నాడక్కా" అంది.

భువనేశ్వరమ్మ ఇప్పుడు కోడలి నవలలన్నీ వరసగా చదువుతోంది. భయమేసినప్పుడల్లా సింగానల్లూరుకు ఫోను చేస్తుంది. "అన్నా, ఆ టీచరమ్మ బతుకుతుందా?" అని అడుగుతుంది. మా ఊళ్ళో ఎవరు అడిగినా, అడగకపోయినా చెప్పే మనిషి, ఆవిడకు మాత్రం చెప్పడు.

"చదువు చెల్లెమ్మా. నీకు ఇంక అవసరం లేదు" అని ఫోను పెట్టేస్తాడు.

ఆవిడకు ఒళ్ళు మండిపోతుంది. వెంటనే నాకు ఫోను చేసి, "మీ మామకు ఈ మధ్య పొగరెక్కింది మాలినీ" అంటుంది.